గిన్నెలో అన్నాను, గిన్నెడు అనలేదు

అలా ఆ కుర్చీ వంక చూడకు. నీకే చెప్తున్నా అక్కా. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, కళ్ళు తిప్పవేం? ఖాళీ కుర్చీని ఎంతసేపు చూస్తే మాత్రం మనిషి వచ్చి కూర్చుంటుందా?

మాట్లాడకు, మాట్లాడకు. నోరంతా పూసి ఉంది, పెదవి కదిపితే నెత్తురొస్తోంది. తలూపితే చాలు. అదీ కష్టమైతే కనుబొమ్మ ఎగరెయ్, నాకు అర్థమవుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ నీ కనుబొమ్మలకి భయపడే కదా బతికాను.

టీచరమ్మ ఎలా ఉందో అని. అదే కదా? చెప్తాను. చెప్పడానికే బావని కింద మందుల కొట్టుకి తోలాను. అక్కడి లైను ఇప్పట్లో తరగదు. ఆ మనిషి ఉంటే నన్ను ఒక్క ముక్క చెప్పనివ్వడు, మధ్యలో "మంచినీళ్ళు కావాలా, దిండు సర్దనా" అంటూ నీ చుట్టూ తిరుగుతాడు.

ముందు ఆ చెయ్యి తిన్నగా పెట్టు. సూది కదిలి మందు పక్కకి కారితే చర్మం కాలిపోతుందని నర్సమ్మ చెప్పింది కదా? ఇంకా సగం సంచి ఉంది. ఇదే చివరిది. ఇది దిగిపోతే ఇక ఈ గది మొహం చూడక్కర్లేదు, ఈ ఫినాయిలు వాసన పీల్చక్కర్లేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నా.

కాదు. అది కూడా అబద్ధమే. నీ చేతికి సూది ఉంది కాబట్టి ఇప్పుడు చెప్తున్నా. లేచి పోలేవు, నోరు తెరిచి తిట్టలేవు. నాలాంటి పిరికిదానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?

నవ్వకు, పెదవి చిట్లుతుంది. అయినా నవ్వే సంగతి కాదు ఇది.

ఆ పేపరు దగ్గర మొదలుపెట్టాలి. అవును, అదే, నా ఫోటో పడ్డ పేపరు. నువ్వు నీ బట్టల కత్తెరతో చక్కగా కత్తిరించి, కుట్టుమిషను పైన గోడకి అంటించుకున్నావే, అది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ టేపు మెడకేసుకునే చూపించావు. "మా చెల్లే, క్యాన్సరుకి మందు కనిపెట్టింది." ఎన్నిసార్లు నెత్తీ నోరూ మొత్తుకున్నాను, నేనేం కనిపెట్టలేదు మహాతల్లీ, మా లాబులో నా పని కణాలకి మేత వేసి, అవి పెరిగాయా చచ్చాయా అని చూసి రాయడమే అని? విన్నావా? "గొప్పవాళ్ళు అలాగే అంటారు" అన్నావు. నీ నోటికి తాళం వెయ్యడం ఈ నోటిపూత వల్లే అయింది కానీ ఇంకెవరి వల్లా కాలేదు.

ఆ రోజు లాబులో మా పెద్దాయన లేడు. ఫోను మోగితే నేను ఎత్తాను. అవతల పేపరతను. మర్యాదస్తుడే పాపం. "మేడమ్, మా పాఠకులకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పండి" అన్నాడు. సరే చెబుదాం అనుకున్నా. మేం కణాల్ని పెంచే సామాను ఎలా ఉంటుంది? నీకు చూపించాను కదా ఒకసారి. గుండ్రంగా, అరచేతిలో పట్టేంత, పైన మూత. దాన్ని తెలుగులో ఏమంటారు? పళ్ళెం అందామంటే అన్నం గుర్తొస్తుంది. మూకుడు అందామంటే నూనె గుర్తొస్తుంది. ఆ క్షణాన నోటికి గిన్నె అని వచ్చింది.

"గిన్నెలో క్యాన్సరు కణాల్ని పెంచి, చేదాకు నుంచి తీసిన సారం పోస్తే, అవి వాటంతట అవే చచ్చిపోయాయి." ఇదీ నేనన్నది. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్తాను.

తెల్లారి పేపర్లో ఏం పడింది? "గిన్నెడు చేదాకు రసం... క్యాన్సర్ మాయం!"

గిన్నెలో అన్నాను. గిన్నెడు అనలేదు. 'లో' ఎగిరిపోయింది, 'డు' వచ్చి కూర్చుంది. ఫోను గరగరమందో, అతని చెవికే అలా వినిపించిందో, లేక గిన్నెలో అంటే ఎవడు కొంటాడు పేపరు అనుకున్నాడో. ఒక్క అక్షరం అక్కా! నువ్వు కుట్టే చొక్కాకి ఒక్క కుట్టు తప్పితే మళ్ళీ విప్పి కుడతావు. దీన్ని ఎక్కడని విప్పను?

విప్పమని అడగలేదా? అడిగాను. సవరణ వేశారు కూడా. లోపలి పేజీలో, టైర్ల ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎవరు చదివారు? టైర్లు కొనేవాళ్ళు చదివి ఉంటారు.

వారం తిరిగేసరికి మురిక్కాలవ గట్టున చేదాకు మొక్క ఒక్కటి మిగల్లేదు. ఎవరూ కన్నెత్తి చూడని మొక్క, మేక కూడా మూతి తిప్పుకునే మొక్క. జనం సంచులు పట్టుకొచ్చి పీక్కుపోయారు. ఆ జనంలో ముందు వరసలో ఎవరయ్యా అంటే, మా బావ. ఇంట్లో రోట్లో నూరింది ఎవరు? ఆయనే. గిన్నెడు గిన్నెడు తాగింది ఎవరు?

కళ్ళు దించుకోకు. నేను దెప్పడానికి రాలేదు. ఇవాళ దెప్పే మొహం కాదు నాది.

అప్పటికి నీకు రెండుసార్లు మందు ఎక్కించారు. మెడ పక్కన గడ్డలు సగానికి సగం తగ్గాయి. జుట్టూ పోయింది. నీకు కనిపించింది జుట్టు ఒకటే. అద్దం మీద గుడ్డ కప్పి, "ఇక నేను ఆ గదికి రాను, మందంటే ఆకులా చల్లగా ఉండాలి, ఇలా ఒళ్ళు తగలబెట్టేది మందేంటి" అన్నావు. "మా చెల్లి కనిపెట్టింది ఉండగా ఊళ్ళోవాళ్ళ విషం నాకెందుకు" అన్నావు. ఆ మాటకి నేను ఎక్కడ దూకాలి చెప్పు?

నీకు అర్థమయ్యేలా చెప్దామని ఎంత ప్రయత్నం చేశాను! చావడం కూడా ఒక పనేనక్కా అన్నాను. ఒంట్లో ప్రతి కణానికీ తెలుసు, తన వంతు అయిపోగానే సామాను సర్దుకుని, పక్కింటివాళ్ళకి చప్పుడు కాకుండా వెళ్ళిపోవాలని. ఈ రోగం పట్టిన కణం ఆ సంగతి మర్చిపోతుంది. ఇల్లు ఖాళీ చెయ్యను పొమ్మంటుంది. పైగా పిల్లల్ని కనేస్తుంది. కొన్ని ఆకుల్లో, కొన్ని బెరళ్ళలో ఉండే సారం, వెళ్ళిపోవాలన్న ఆ సంగతి దానికి మళ్ళీ గుర్తు చేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే తెలుస్తుంది, ఒళ్ళంతా బుడగలు బుడగలుగా ఉబ్బి, ముక్కలు ముక్కలై, చుట్టుపక్కల ఏదీ పాడు చెయ్యకుండా పోతుంది. చూడ్డానికి బాగుంటుంది అని కూడా అన్నాను నీతో. బుద్ధి లేక.

కానీ గిన్నెలో ఏది పోసినా చస్తాయక్కా! ఉప్పు కుమ్మరించు, చస్తాయి. సబ్బునీళ్ళు పొయ్, చస్తాయి. నేను ఒకరోజు తలుపు సరిగ్గా మూయకపోతే చచ్చాయి. గిన్నెలో చంపడం గొప్ప కాదు. మనిషిని వదిలిపెట్టి దాన్ని ఒక్కదాన్నే చంపాలి, అదీ గొప్ప. చేదాకు అంత దూరం రాలేదు. ఎలుకల దాకా కూడా రాలేదు. నీ దగ్గరికి మాత్రం గిన్నెలెక్కి వచ్చేసింది.

ఇంకోటి కూడా చెప్పాను, గుర్తుందా? పొద్దున మొట్టమొదట ఎక్కిస్తారే చిన్న సంచి, దాన్లో ఉన్న మందు కూడా చెట్టు నుంచి వచ్చిందేనని. మీ గేటు పక్కన గులాబి రంగు పూలు పూస్తుందే బిళ్ళగన్నేరు, అదేనని. ఎన్నో ఏళ్ళు ఎందరో కూర్చుని, దాన్లో చంపేది ఏదో, బతికించేది ఏదో విడదీసి, తూకం వేసి, ఎంతైతే మనిషి తట్టుకుంటాడో చూసి అప్పుడు సంచిలో పోశారని. నువ్వేమన్నావు? "పువ్వుకి ఎక్కడైనా జుట్టు ఊడుతుందా?" అన్నావు. జుట్టు ఊడింది దాని పక్కన ఎక్కించే ఎర్ర మందుకి ఎక్కువ, పువ్వుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి అని చెప్పబోయాను. నువ్వప్పటికే గిన్నె ఎత్తి గటగటా తాగుతున్నావు.

ఆ బిళ్ళగన్నేరు మాట పేపరతనితో అననందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. అది నూరుకు తాగితే మనుషులు మిగలరు.

సరే. కళ్ళు పచ్చబడ్డాయి నీకు. మెడ పక్కన గడ్డలు మళ్ళీ లేచాయి. నిమ్మకాయంత అయ్యాక కూడా మఫ్లరు చుట్టుకుని మిషను తొక్కావు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంకా ఆలస్యం చేస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు" అంది. ఏడ్చాను, అరిచాను, నీతో మాట్లాడటం మానేశాను, మానలేక మళ్ళీ వచ్చాను. అప్పుడు కదా నువ్వు ఆ మాట అన్నావు!

"మీ లాబులో అసలు సారం ఉంటుంది కదా. ఊరందరికీ ఆకు చెప్పి, అసలుది దాచుకున్నారు. సొంత అక్కకి కూడా తేవా? అది తెచ్చివ్వు, నువ్వు చెప్పినట్టు సూది వేయించుకుంటా."

తెచ్చాను. గోధుమరంగు సీసా, రబ్బరు మూత, పైన మా లాబు చీటీ. పొద్దున మూడు చుక్కలు నాలుక కింద. సూది మందు ఒంట్లో ఉంటేనే ఇది పనిచేస్తుంది, లేకపోతే దండగ. ఆకు రసం తగిలితే పాలు విరిగినట్టు విరిగిపోతుంది, కాబట్టి గిన్నె బంద్. ఇవన్నీ చెప్పాను. నువ్వు బుద్ధిగా తలూపావు. చిన్నప్పటి నుంచీ నా మాటకి నువ్వు తలూపడం అదే మొదటిసారి.

అక్కా, ఆ సీసాలో ఉన్నది మందు కాదు.

చెయ్యి! చెయ్యి కదపకు అన్నానా!

నీళ్ళు. కాచి చల్లార్చిన నీళ్ళు. రంగుకీ చేదుకీ కాస్త డికాషను. అవును, కాఫీ డికాషనే, మా వంటింట్లోదే. కాఫీ వాసనకి డోకొస్తోందని ఇన్నాళ్ళూ బావని పెరట్లోకి తోలావు కదా? ఆ మనిషి వానలో గొడుగేసుకుని నిలబడి తాగాడు. నువ్వేమో రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని మూడు చుక్కల కాఫీ నాలుక కింద వేసుకుని, "చూశావా, దీని వాసనే వేరు" అన్నావు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకున్నాను.

చేతిసంచిలో వెతుకుతున్నావేం? సీసా కోసమా? ఉండు, నేనే తీసిస్తా, నువ్వు కదలకు. ఇదిగో. మూత తీశాను. వాసన చూడు.

వచ్చిందా? ఇప్పుడు వస్తుంది. తెలిశాక వస్తుంది.

నిన్ను బతికించింది ఈ సంచులక్కా. గడ్డలు కరిగింది వీటికి. నీ వేళ్ళు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నావే, ఆ తిమ్మిరి పువ్వు ఇచ్చిన తిమ్మిరి, ఆ పువ్వే గడ్డని కరిగించింది. నువ్వు మాత్రం పడుకునే ముందు సీసాకి దణ్ణం పెట్టుకున్నావు. నేను చూసి ఊరుకున్నాను. పెట్టుకుంటే పెట్టుకోనీ, సూదికి వస్తోంది కదా అనుకున్నాను. అబద్ధమే, కానీ ఎవరికి నష్టం? అలా అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, అన్ని వైపులా ఆలోచించాను. ఒక్క వైపు మాత్రం తట్టలేదు. నువ్వు మంచిదానివని.

ఆగు. నీకు అర్థమైంది. కనుబొమ్మ అలా మధ్యలో ఆగిపోయిందంటే అర్థమైంది.

అవును. టీచరమ్మ.

ఆ కుర్చీలో కూర్చుని, చుక్కలు లెక్కపెట్టి, "ఏమ్మా నర్సూ, నిమిషానికి ఇన్ని పడాలి, తగ్గాయి, చూడు" అనేది. లెక్కల టీచరు కదా, మందుని కూడా వదల్లేదు. నిన్ను కత్తెరమ్మా అని పిలిచేది. మీ ఇద్దరివీ ఒకే రకం గడ్డలు, ఒకే రకం మందు. ఇద్దరూ గుండు తలలు దగ్గర పెట్టి ఏం గుసగుసలాడారో, ఏం నవ్వారో! ఈ గదిలో నువ్వు నవ్వడం ఆవిడ వల్లే చూశాను. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

పోయినసారి, మూడు వారాల కింద, ఈ కుర్చీ ఖాళీగా ఉంది. నేనడిగాను, టీచరమ్మ రాలేదేం అని. నువ్వు నా చెవి దగ్గరికి వచ్చి, చిన్నపిల్లలా, "ఆవిడకి ఇక అక్కర్లేదులే. నా సీసాలో సగం ఇచ్చేశాను. నాకు నువ్వున్నావు, ఇంకోటి తెస్తావు. ఆవిడకి ఎవరున్నారు?" అన్నావు.

గుర్తుందా నేనేం చేశానో? నీ దుప్పటి సర్దాను.

ఆ క్షణమే అన్నీ తెలిశాయి నాకు. సూది ఉంటేనే పనిచేస్తుంది అని నేను నీకు చెప్పిన షరతు, సీసాతో పాటు ఆవిడ దాకా వెళ్ళలేదు. వెళ్ళినా ఆవిడ పట్టించుకునేది కాదు. మందు చల్లగా ఉండాలని నీకున్న ఆశే ఆవిడకీ ఉంది. సగం సీసా, పక్కన కరిగిన నీ గడ్డలు సాక్ష్యం. ఇంకేం కావాలి?

అప్పుడే చెప్పొచ్చు. ఒక్క ముక్క. "అది నీళ్ళు, ఆవిడని రమ్మనండి." అంతే. కానీ చెప్తే నీకు తెలుస్తుంది. తెలిస్తే, నీ సంగతి నాకు తెలియదా? అక్కడికక్కడే సూది పీకేసి, నన్ను ఇల్లు తొక్కొద్దని, మురిక్కాలవ గట్టుకి పోతావు. నీకు ఇంకొక్కటే మిగిలింది. ఇదే, ఇప్పుడు ఎక్కుతున్నదే. ఇదొక్కటి అయిపోనీ, అప్పుడు చెప్తాను అనుకున్నాను. ఇంతలో ఏమవుతుందిలే అనుకున్నాను. మూడు వారాలకి ఏమవుతుందో లాబులో రోజూ చూసేదాన్ని, నాకు తెలియదా? గిన్నెలో ఇవాళ చుక్కంత ఉన్నది వారానికి గిన్నె నిండిపోతుంది. ఎంత వేగమో రాసుకునేది నేనే.

ఏడుస్తున్నావా? ఉప్పు తగిలితే పెదవి మండుతుంది. ఉండు, తుడుస్తాను. తల తిప్పుకుంటే ఎలా తుడవను?

సరే, తుడవనులే.

ఇంకా ఉందక్కా. ఇంకోటి ఉంది. ఇది చెప్పకుండా లేస్తే నేను మనిషినే కాదు.

పోయిన వారం ఆవిడ భర్త మా లాబు గేటు దగ్గరికొచ్చాడు. బస్సు డ్రైవరు కదా, డ్యూటీ చొక్కా మీదే వచ్చాడు. గేటు పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే జేబులోంచి సీసా తీశాడు. ఖాళీ సీసా. రెండు చేతులతో పట్టుకున్నాడు. "అయిపోయిందమ్మా. ఇంకొంచెం పోయిస్తారా? ఆవిడకి కాస్త ఆయాసంగా ఉంటోంది, మందు ఆగినందుకేమో" అన్నాడు.

సూది మానొద్దని చెప్పండి అన్నాను. చెప్పాను అక్కా, ఒట్టు. "ఆవిడ వినదమ్మా, మీ అక్కగారికి దీంతోనే తగ్గిందట కదా" అన్నాడు. ఆయన మొహంలోకి చూస్తూ, నోరు తెరిచాను. నీ మొహం కనిపించింది. ఈ చెయ్యి, ఈ సూది, ఈ సంచి కనిపించాయి. నోరు మూసుకున్నాను.

సీసా తీసుకుని లోపలికి వెళ్ళాను. కుళాయి నీళ్ళు పట్టాను. మా క్యాంటీను ఫ్లాస్కులోంచి డికాషను చుక్కలు కలిపాను. మూత బిగించి, గుడ్డతో తుడిచి మరీ తెచ్చిచ్చాను. "మీ మేలు మర్చిపోను తల్లీ" అన్నాడు. సీసాని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను లోపలికొచ్చి కణాలకి మేత వేశాను. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఎలా వెయ్యగలిగానో.

మొదటి సీసా నిన్ను బతికించుకోవడానికి. సరే, దానికి ఏ దేవుడి ముందైనా నిలబడతాను. రెండోది? అది ఎవరి కోసం? నీ కోసమే అని చెప్పుకుంటున్నాను. నీ పేరు చెప్పుకుంటే నాకు నిద్ర పడుతోంది. నిద్ర పట్టడం కూడా తప్పేనేమో.

అలా చూడకు. నువ్విచ్చావని కాదు. నీ తప్పు కాదు. ఇంత అన్నం ఉంటే సగం పక్కవాళ్ళ కంచంలో పెట్టేదానివి, మందుంటే పెట్టవా? నువ్వు పెట్టింది నీ ప్రాణంలో సగం అనుకుని పెట్టావు. అది నీళ్ళని తెలిసినదాన్ని నేను. నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఎక్కడుందా? పైనే ఉంది. పై అంతస్తులో. నిన్న సాయంత్రం తెచ్చారు, ఊపిరి అందక. గడ్డలు లోపల ఊపిరి గొట్టాన్ని నొక్కుతున్నాయట. ముక్కుకి గొట్టం పెట్టారు.

లేవకు! లేవలేవు, కూర్చో. ప్రాణం ఉంది. మాట్లాడుతోంది కూడా. నేను పొద్దున తలుపు సందులోంచి చూసొచ్చాను. లోపలికి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

డాక్టరమ్మ ఇవాళే పెద్ద మందు మొదలుపెడదాం అంటోంది. తగ్గుతుందని చెప్పలేను, కానీ దారి మూసుకుపోలేదు, ఇవాళ కాకపోతే మూసుకుపోతుంది అంది. అన్నీ సిద్ధం చేసి కూర్చుంది. టీచరమ్మ ఒప్పుకోవట్లేదు. "నాకు ఇవి వద్దు, కత్తెరమ్మ చెల్లెలు వస్తుంది, సీసా తెస్తుంది, ఆ చుక్కలు వేసుకుంటే సర్దుకుంటుంది" అంటోందట. ఆయన్ని నా కోసం కిందికి పంపుతోందట. నర్సమ్మే చెప్పింది నాకు.

అర్థమైందా? ఆవిడ ఆ సీసాని నమ్ముకుని సూది వద్దంటోంది. నువ్వు ఆ సీసాని నమ్ముకునే సూదికి ఒప్పుకున్నావు. అదే నీళ్ళు. అదే డికాషను.

ఆవిడకి నిజం చెప్తే నమ్ముతుందా? నమ్మినా ఇక ఏ మందునైనా నమ్ముతుందా? నా మొహాన ఉమ్మేసి గోడవైపు తిరిగి పడుకుంటే? అప్పుడు ఆ ఆశ కూడా తీసేసినదాన్ని అవుతాను కదా. లేదు, చెప్పాలి. చెప్పాలని తెలుసు. తెలిసే మూడు వారాలు కూర్చున్నాను. నాకు భయంగా ఉందక్కా. చిన్నప్పుడు చీకట్లో బాత్రూముకి వెళ్ళాలంటే నిన్ను లేపేదాన్ని, అలా ఉంది.

ఇంకా భయం ఏంటో తెలుసా? మళ్ళీ అదే గేటు, అదే మనిషి, అదే ఖాళీ సీసా ఎదురైతే, నీకు ఇంకో సంచి మిగిలి ఉంటే, నేను మళ్ళీ నింపి ఇస్తానేమో అని. ఇవ్వను అని గట్టిగా చెప్పలేకపోతున్నాను. నీ ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేకపోతున్నాను.

తిట్టు. నోరు మానాక తిట్టు. ఇంటికి రావద్దను. ఆ పేపరు ముక్క గోడ మీంచి పీకి పొయ్యిలో పెట్టు. తిట్టడానికి నువ్వుంటావు కదా. అంతే నేను అడిగింది.

అదిగో. తలుపు దగ్గర. చూడు, ఆయనే. చేతిలో సీసా. మళ్ళీ అయిపోయినట్టుంది.

నిన్ను చూసి దణ్ణం పెడుతున్నాడు. అయ్యో, అలా పెట్టకండి. వినపడదులే ఇంత దూరం. నువ్వైనా తల తిప్పుకో అక్కా, నేను చూడలేను.

ఏం చెయ్యను? నీ సంచి ఇంకా కొంచెం ఉంది. అది అయ్యేదాకా కూర్చోమననా ఆయన్ని? కాసేపు కదా? కాసేపటికి ఏమవుతుంది?

ఏంటి? ఏమన్నావు? మాట్లాడకు అంటే వినవు, చూడు నెత్తురొచ్చింది. ఆగు, దూది... సరే, సరే, వింటున్నా. మళ్ళీ అను.

చెప్పు.

చెప్పు అన్నావా? ఆయనకి చెప్పమనా, చెప్పుతో కొడతాననా?

కాలితో మంచం కిందకి దేనికోసం తడుముతున్నావు?

రెండూనా.

సరే. న్యాయమే. ముందు ఆయనకి చెప్పొస్తాను, ఆయనతో పాటు పైకి వెళ్ళి ఆవిడకీ చెప్తాను. తిరిగొచ్చాక నీ చెప్పు నేనే వెతికి నీ చేతికిస్తాను. సూది లేని చేతికి. ఆ చెయ్యి మాత్రం కదపకు, ఇంకా కాసిని చుక్కలున్నాయి.